విటమిన్ సి సీరమ్ రెండున్నర నెలలు రాశా, ముడతలు పోలేదు సరికదా గీతలు ఇంకా ముదిరాయి

బెజవాడ_టీచరమ్మ

నాకు 47. ఇరవై ఏళ్లుగా స్కూటీ మీదే బడికి, రానూ పోనూ ఇరవై రెండు కిలోమీటర్లు. కళ్ల పక్కన గీతలు, బుగ్గల మీద మంగు. మా స్టాఫ్ రూములో కొత్తగా చేరిన లెక్కల అమ్మాయి "విటమిన్ సి సీరమ్ రాయండి మేడం, మూడు నెలల్లో మీ అమ్మాయికి అక్కలా ఉంటారు" అంది. 599 పెట్టి, 20% అని రాసున్న సీసా తెప్పించా. మొదట్లో మంచినీళ్లలా ఉండేది. ఫిబ్రవరి మూడో వారంలో మొదలుపెట్టా, ఇప్పుడు మే.

ముడత ఒక్కటీ పోలేదు. పోకపోతే పోయింది, కళ్ల పక్క గీతలు ఇదివరకటి కన్నా ముదురుగా కనిపిస్తున్నాయి. మొన్నాదివారం అద్దం ముందు నిలబడి వేలితో సాగదీసి చూశా. గీత లోపల సన్నగా గోధుమరంగు దారం పెట్టినట్టుంది. సబ్బుతో రుద్దినా రాదు. కుడిచేతి రెండు వేళ్ల కొసలూ, గోళ్ల అంచులూ ఆవకాయ కలిపిన మర్నాడు ఉన్నట్టున్నాయి. దిండు గలీబు మీద కూడా మరక. సీసాలో సరుకు ఇప్పుడు అచ్చం డికాక్షన్ రంగు.

మావారు "పెళ్లిలో నలుగు పెట్టాక ఇంత పచ్చగా నిన్ను ఇప్పుడే చూస్తున్నా" అంటున్నారు. సీసాలో ఇంకా మూడోవంతు ఉంది. వాడాలా, పారెయ్యాలా? అసలు ఈ విటమిన్ సి అంతా ఉత్త బోగసేనా?

గోంగూర007

మీ అమ్మాయి వయసు చెప్పలేదు. ఎంత పెద్దక్కలా అవ్వాలో తెలియాలిగా.

వేపపుల్ల

బోగసే. మా నాయనమ్మ 82 ఏళ్లు బతికింది, సున్నిపిండి తప్ప ఇంకోటి ముట్టలేదు. మొహం మీద ఏం రాసినా పైనే ఉంటుంది, లోపలికి పోవడానికి చర్మం ఏమైనా జల్లెడా? 599 పెడితే రెండు కిలోల మంచి పెసలు, పావుకిలో కస్తూరి పసుపు వచ్చేవి.

డల్లాస్_దోసకాయ

టీచరమ్మగారూ, మూడు ప్రశ్నలు. సీసా ఎక్కడ పెడుతున్నారు? పొద్దున రాస్తున్నారా, రాత్రా? పైన సన్‌స్క్రీన్ వేస్తున్నారా లేదా? నేను నాలుగేళ్లుగా వాడుతున్నా, మీకొచ్చిన పసుపు నాకూ ఒకసారి వచ్చింది. తప్పు సీరమ్‌ది కాదు, నాది.

బెజవాడ_టీచరమ్మ

బాత్రూములో అద్దం కింద అరలో, గీజర్ పక్కనే. రాత్రి పడుకునే ముందు రాస్తున్నా. సన్‌స్క్రీన్ అంటే... చున్నీ కట్టుకుంటా కదా మొహానికి, మళ్లీ అదెందుకు?

డల్లాస్_దోసకాయ

గీజర్ పక్కన!! బెజవాడలో!! మే నెలలో!!

ఫార్మసీ_పిల్ల

అయిపోయింది, ఆ సీసాకి కర్మకాండ చెయ్యండి.

కెమిస్ట్రీ_మాస్టారు

రిటైరయ్యాక మొదటిసారి పాఠం చెప్పే అవకాశం వచ్చింది, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

వంకాయ తరిగి నీళ్లలో వెయ్యకుండా పళ్లెంలో వదిలేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. మీ సీసాలో జరిగిన రసాయనం వేరు గానీ దొంగ మాత్రం అదే, గాలి. సీరముల్లో వాడే అసలు విటమిన్ సి పేరు ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం. గాలి, వెలుతురు, వేడి, మూడూ దీనికి పడవు. నీళ్లలో కరిగిందంటే ఇంకా త్వరగా చెడుతుంది. ముందు లేత పసుపు, తర్వాత తేనె రంగు, ఆఖర్న డికాక్షన్. లేత పసుపు దాకా పర్లేదు. తేనె రంగు దాటితే అందులో పనికొచ్చే సరుకు పెద్దగా మిగల్లేదని లెక్క.

ఇక మీ వేళ్ల పసుపు. ఈ విటమిన్ విరిగేటప్పుడు పుట్టే వాటిలో ఎరిత్రులోజ్ అనే చక్కెర ఒకటి ఉంది. అమెరికా, యూరప్‌లలో తెల్లవాళ్లు ఎండలో పడుకోకుండానే ఒంటికి గోధుమరంగు తెచ్చుకోవడానికి క్రీములు రాసుకుంటారే, వాటిలో వేసే పదార్థాల్లో ఇదీ ఒకటి. చర్మం పైపొరలోని మాంసకృత్తులతో కలిసి రంగు కడుతుంది. అందుకే సబ్బుకి రాదు. కళ్ల పక్క గీతల్లోకి సీరమ్ ఎక్కువగా చేరి ఉంటుంది, అక్కడ రంగు చిక్కగా పట్టింది. కాబట్టి ముడత ముదరలేదు తల్లీ, ముడతకి రంగేసుకున్నారు మీరు. వాడటం ఆపండి. పైపొర తనంతట తాను రాలిపోతుంది, వారం పది రోజుల్లో పోతుంది. గట్టిగా రుద్దకండి.

గోంగూర007

"ముడతకి రంగేసుకున్నారు". మాస్టారూ, మీ క్లాసులో కూర్చునుంటే నేను కెమిస్ట్రీ తప్పేవాణ్ణి కాదు.

బెజవాడ_టీచరమ్మ

అమ్మయ్య అనుకోవాలో ఏడవాలో తెలియట్లేదు. రెండున్నర నెలలు రాత్రిళ్లు శ్రద్ధగా కూర్చుని రంగేసుకున్నానా!

వేపపుల్ల

చూశారా. నేను చెప్పిందే కదా, బోగస్.

కెమిస్ట్రీ_మాస్టారు

@వేపపుల్ల, పాలు విరిగాయని ఆవు బోగస్ అనం కదండీ. చర్మం జల్లెడ కాదన్న మీ మాట మటుకు నిజం. మామూలుగా విటమిన్ సి లోపలికి పోదు. నీళ్లలో కరిగే పదార్థం, మన చర్మం పైపొర కొవ్వుది. దీని మీద అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో షెల్డన్ పిన్నెల్ అనే చర్మవైద్యుడు పనిచేశాడు. 2001లో ఆయన బృందం తేల్చిన సంగతులు మూడు. పీహెచ్ 3.5 కన్నా తక్కువ ఉంటేనే, అంటే బాగా పుల్లగా ఉంటేనే లోపలికి దిగుతుంది. 20% దాకా ఎంత పెంచితే అంత దిగుతుంది, అది దాటితే పెరగకపోగా తగ్గుతుంది. ఒకసారి నిండితే చర్మంలో సగం తగ్గడానికి సుమారు నాలుగు రోజులు పడుతుంది. అంచేత ఎవరైనా 30%, 35% అని అమ్మితే ఆ అంకె చూసి మురిసిపోకండి. ఒక పూట మర్చిపోయినా కొంప మునగదు.

వేపపుల్ల

ఎవరి మీద చేశారు ఆ ప్రయోగం? మనుషుల మీదేనా?

కెమిస్ట్రీ_మాస్టారు

పందుల చర్మం మీద.

వేపపుల్ల

😂😂 ఇంక నేనేం మాట్లాడను.

డల్లాస్_దోసకాయ

పంది చర్మం మన చర్మానికి దగ్గరగా ఉంటుందనే వాడతారండీ, ఎగతాళి కాదు. మనుషుల మీదా చేశారు. సగం మొహానికి విటమిన్ సి, సగానికి ఉత్త క్రీము, మూడు నెలలు. 1999లో ఒకటి, 2002లో ఇంకోటి. విటమిన్ సి వైపు సన్న గీతలు తగ్గాయి. 2003లో 5% క్రీము మెడకీ చేతులకీ ఆరు నెలలు రాసి చూసినా మెరుగు కనిపించింది.

వేపపుల్ల

ఎంతమంది మీద? వెయ్యి మందా, లక్ష మందా?

డల్లాస్_దోసకాయ

చాలా తక్కువ మంది. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

కెమిస్ట్రీ_మాస్టారు

వేపపుల్లగారి పక్షాన ఇంకోటి నేనే చెప్తా. ఆ పిన్నెల్‌గారే విటమిన్ సి సీరములు అమ్మే స్కిన్‌స్యూటికల్స్ కంపెనీకి మూలపురుషుల్లో ఒకరు. పరిశోధకుడూ ఆయనే, దుకాణదారూ ఆయనే. దాంతో లెక్కలు తప్పని కాదు గానీ, చదివేటప్పుడు ఆ ఎరుక ఉండాలి. నా మట్టుకు నాకు అనిపించేది, విటమిన్ సి పని చేస్తుంది, కొంచెమే చేస్తుంది. సన్న గీతలు కాస్త మెత్తబడతాయి, మచ్చలు కాస్త పలచబడతాయి, మొహం కాస్త తేటగా ఉంటుంది. నుదుటి మీద ఇస్త్రీ పెట్టెతో కూడా పోని మడత ఉంటే అది దీనితో పోదు.

సికింద్రాబాద్_చాయ్

నేను మొగోన్ని, నాక్కూడా పనికొస్తదా? రోజంతా కారుల తిరిగే ఉద్యోగం నాది, 41. మొన్న లైసెన్స్ ఫొటో దిగిన, కుడి చెంప ఎడమ చెంప ఇద్దరు మనుషులవి లెక్క ఉన్నయ్. కుడి పక్క కన్ను కింద సంచి, మచ్చలు. ఎడమ పక్క ఇంకా పెండ్లికొడుకే.

డల్లాస్_దోసకాయ

మీది డ్రైవరు కిటికీ వైపు, అందుకే. 2012లో ఒక పెద్ద వైద్యపత్రికలో ఫొటో వేశారు. 69 ఏళ్ల లారీ డ్రైవరు, 28 ఏళ్లు బండి నడిపాడు. అమెరికాలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు కదా, ఎడమ చెంప మొత్తం మడతలు పడి వేలాడుతోంది, కుడి చెంప వయసుకి తగ్గట్టుంది. కిటికీ అద్దం ఎండలోని ఒక రకం కిరణాల్ని, మొహం కమిలించే యూవీబీని, ఆపేస్తుంది. యూవీఏ మాత్రం అద్దంలోంచి లోపలికొస్తుంది. చర్మం లోపలి పొరదాకా పోయి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్‌ని తినేది అదే. మంట పుట్టదు కాబట్టి మనకి తెలియదు. మా ఆయనకీ ఎడమ ముంజెయ్యి కుడిదానికన్నా రెండు ఛాయలు నలుపు.

సికింద్రాబాద్_చాయ్

అరె, అద్దాలు ఎక్కించుకొని ఏసీ పెట్టుకుంటే సేఫ్ అనుకున్న ఇన్ని దినాలు. ఇప్పుడేం జెయ్యాలె?

ఫార్మసీ_పిల్ల

సన్‌స్క్రీన్ అన్నా. ఎస్‌పీఎఫ్ 30 గానీ 50 గానీ, దాని పక్కన పీఏ అని ఉండి ప్లస్ గుర్తులు మూడో నాలుగో ఉండాలి. ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా యూవీబీకి, ప్లస్‌లు యూవీఏకి. చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు పిండుకుంటే మొహానికీ మెడకీ సరిపోతుంది. మా షాపుకొచ్చే వాళ్లలో సగం మంది శనగగింజంత రాసుకుని "పని చెయ్యట్లేదమ్మా" అంటారు.

ఉసిరిచెట్టు

ఇంతమంది ఇంత రాస్తున్నారు, ఉసిరికాయ ఒక్కళ్లకి గుర్తు రాలేదా? రోజుకో కాయ తింటే లోపలినుంచే వస్తుంది కదా విటమిన్ సి. రాసుకోవడం ఏమిటి, వింత కాకపోతే.

కెమిస్ట్రీ_మాస్టారు

తినాల్సిందే. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2020లో చెప్పిన లెక్క ఆడవాళ్లకి రోజుకి 65 మిల్లీగ్రాములు, మగవాళ్లకి 80. నూరు గ్రాముల జామకాయలో రెండొందల పైనే ఉంటుంది, అంటే సగం జామకాయతో రోజు గడుస్తుంది. కొలాజెన్ పోగులు గట్టిగా పేనుకోవాలంటే శరీరంలో రెండు ఎంజైములకి ఈ విటమిన్ ఊతం కావాలి. అది పూర్తిగా లేకపోతే స్కర్వీ. వెనకటి నావికులకి చిగుళ్లు కారేవి, ఎప్పుడో మానిన గాయాలు మళ్లీ తెరుచుకునేవి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు నారింజలు, నిమ్మకాయలు ఇచ్చి కొందరిని లేపి కూర్చోబెట్టాడు.

అయితే తిండితో వచ్చే దానికి ఒక హద్దుంది. రక్తం ఒక మట్టం దాకా నిండాక మిగతాది మూత్రంలో పోతుంది. చర్మానికి దాని వాటా దానికి అందుతుంది, గంపెడు ఉసిరికాయలు తిన్నా అంతకు మించి పోదు. పైన రాసేది అందుకు.

ఉసిరిచెట్టు

సరే, కాయ తింటాను, సీరమ్ మీరు రాసుకోండి 😄

నరసాపురం_లేసు

మాస్టారు నిమ్మకాయ పేరెత్తారు కాబట్టి నా కథ చెప్పాలి. పుల్లగా ఉంటేనే దిగుతుంది అన్నారని ఎవరూ నిమ్మచెక్క రుద్దుకోకండి, మీ కాళ్లు మొక్కుతా.

పోయినేడు మార్చిలో యూట్యూబులో చూసి నిమ్మరసం, తేనె కలిపి రాశా. కడుక్కున్నా అనుకున్నాను గానీ దవడ కింద, మెడ పక్కన సరిగా పోలేదు. ఆ తర్వాత మేడెక్కి గుమ్మడి వడియాలు పెట్టా, పదకొండింటి నుంచి ఒంటిగంట దాకా. ఆరోజు ఏం లేదు. మర్నాటికి మెడ మీద ఎర్రగా మంట, ఆ తర్వాత నీటిపొక్కులు, రసం ఎక్కడ కారిందో సరిగ్గా ఆ దారినే. వేలితో గీసినట్టు మూడు చారలు. పొక్కులు తగ్గాక చారలు నల్లగా మిగిలాయి, ఐదు నెలలు ఉన్నాయి. పెళ్లిళ్ల సీజనంతా మెడ దాకా జాకెట్టు కుట్టించుకుని తిరిగా. అడిగిన వాళ్లందరికీ నూనె చిందిందని చెప్పా.

ఫార్మసీ_పిల్ల

దాన్నే నిమ్మజాతి కాయల ఎండదెబ్బ అనుకోవచ్చు అక్కా. నిమ్మలో, ముఖ్యంగా తొక్కలో, ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే పదార్థాలు ఉంటాయి. విటమిన్ సికీ దానికీ సంబంధం లేదు. పైగా నిమ్మరసంలో ఎక్కువ ఉండేది సిట్రిక్ ఆమ్లం, సి విటమిన్ బొట్టంత.

గోంగూర007

చప్పరించే విటమిన్ సి మాత్ర నూరి రోజ్ వాటర్‌లో కలిపి రాసుకుంటే? ఒక ఫ్రెండ్ కోసం అడుగుతున్నా.

కెమిస్ట్రీ_మాస్టారు

మీ ఫ్రెండ్‌కి చెప్పండి, ఆ మాత్రలో చక్కెర, రంగు, నారింజ వాసన ఉంటాయి. చాలా వాటిలో సోడియం ఆస్కార్బేట్ కూడా ఉంటుంది, నాలుక మండకుండా పులుపు చంపడానికి. పులుపు చస్తే చర్మంలోకి దిగదు. మొహం జిగటగా అయి చీమలు వస్తాయి, అంతే.

గోంగూర007

చీమలు వచ్చాయట.

సీమ_మిరప

ఇదంతా ఎందుకబ్బా, మా ఊర్లో ఒక పార్లరుంది, ఆయమ్మ తెల్ల డబ్బీలో క్రీము ఇస్తుంది, దాని మీద పేరు గీరు ఏమీ ఉండదు. 350. రాత్రిపూట రాసుకోమంది. పదే పది దినాల్లో మంగు పోయింది నాకు, మొహం అద్దం మాదిరి మెరుస్తాంది. మా ఆడబిడ్డ కూడా తెప్పించుకుంది. టీచరమ్మకు కావాలంటే పార్సిల్ పంపుతా.

ఫార్మసీ_పిల్ల

వద్దు వద్దు వద్దు. అక్కా, ఎన్నాళ్లయింది మీరు మొదలుపెట్టి?

సీమ_మిరప

నాలుగు నెలలు.

ఫార్మసీ_పిల్ల

ఒక్కరోజు రాయకపోతే ఏమవుతుంది?

సీమ_మిరప

ఎట్ల తెలిసె నీకు? రెండు దినాలు రాయకుంటే మొహం ఎర్రగా అయి మండుతుంది, ఎండలోకి పోలేను. మళ్లా రాస్తే చల్లబడుతుంది. అది మంచిదనే కదా అర్థం?

ఫార్మసీ_పిల్ల

కాదు అక్కా. నేను డాక్టర్‌ని కాను, మందుల షాపులో తొమ్మిదేళ్లుగా ఉన్నా. పేరు లేని డబ్బీ, పది రోజుల్లో మెరుపు, ఆపితే మంట, ఈ మూడూ కలిస్తే అందులో స్టెరాయిడ్ ఉందని అనుమానించాలి. ముందు మొహం తెల్లబడుతుంది, నున్నబడుతుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్ర నరాలు కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి, గడ్డం దగ్గర వెంట్రుకలు వస్తాయి. మొహానికి ఈ స్టెరాయిడ్ క్రీముల పిచ్చి మన దేశంలో ఎంత ముదిరిందంటే, 2018లో ప్రభుత్వం వీటిలో చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. చీటీ లేకుండా మా షాపుకి ఇప్పటికీ వచ్చి అడుగుతారు, కుదరదంటే తిట్టి పోతారు.

మీరు మాత్రం ఒక్కసారిగా ఆపకండి. ఆ డబ్బీ పట్టుకుని స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఎలా తగ్గించాలో ఆయన చెప్తాడు. మీ ఆడబిడ్డని కూడా తీసుకెళ్లండి.

సీమ_మిరప

గడ్డం దగ్గర వెంట్రుకలు... నేను వయసు అనుకున్నా.

సీమ_మిరప

సోమవారం పోతాం ఇద్దరం.

డల్లాస్_దోసకాయ

మంచిపని. ఏం చెప్పారో ఇక్కడ రాయండి తప్పకుండా.

వేపపుల్ల

నా సున్నిపిండిలో స్టెరాయిడ్ లేదు, ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

డల్లాస్_దోసకాయ

@వేపపుల్ల, బరకగా ఉన్న పిండితో మంగు మీద రోజూ రుద్దితే మంగు పెరుగుతుందండీ. చర్మాన్ని ఏది గీరినా, మండించినా మన రంగువాళ్లకి ముందు నల్లమచ్చ పడుతుంది. తెల్లవాళ్లకి ముడతలు ముందు, మచ్చలు తర్వాత. మనకి తిరగేసి. అందుకే మనలో చాలామంది "ముడతలు" అని మొదలుపెట్టి చివరికి మచ్చల గురించే మాట్లాడతాం, టీచరమ్మగారిలాగా.

వేపపుల్ల

మెత్తగా జల్లించిన పిండి ఎవరైనా బరకగా రుద్దుతారా? మీకు డల్లాస్‌లో జల్లెడలు దొరకవేమో.

డల్లాస్_దోసకాయ

దొరుకుతాయి. పెసలే రాళ్లతో వస్తాయి.

బెజవాడ_టీచరమ్మ

వంట చేసి వచ్చేలోపు ఇంత జరిగిందా. సరే, సీసా పక్కన పెట్టేశా. ఇంకోటి కొంటే ఏం చూసి కొనాలి? రాసే పద్ధతి ఏమిటి? చున్నీ సంగతి తేల్చలేదు మీరెవరూ.

డల్లాస్_దోసకాయ

చున్నీ మంచిదే, కాకపోతే పలచటి నూలు చున్నీలోంచి ఎండ చాలా వరకు దూరుతుంది, కళ్ల చుట్టూ ఎలాగూ ఖాళీ. చున్నీ కింద సన్‌స్క్రీన్ రాయండి. నిజానికి వంద రూపాయలే ఉంటే సీరమ్ కొనొద్దు, సన్‌స్క్రీన్ కొనండి. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్లో 900 మంది మీద నాలుగున్నరేళ్లు చూశారు, 2013లో అచ్చయింది. రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్ల చర్మం ఆ నాలుగున్నరేళ్లలో కొలవదగినంత ముసలిది కాలేదు. విటమిన్ సి మీద అంత పెద్ద ప్రయోగం నేను చూడలేదు.

సీరమ్‌ని సన్‌స్క్రీన్‌కి తోడుగా పొద్దున రాయాలి. అది ఎండని ఆపదు, సన్‌స్క్రీన్ ఆపలేక వదిలిన ఎండ చేసే నష్టాన్ని కొంత తుడుస్తుంది. మొహం కడిగి, బాగా తుడిచి ఆరాక నాలుగైదు చుక్కలు. పది నిమిషాలాగి మాయిశ్చరైజర్, ఆపైన సన్‌స్క్రీన్. సన్‌స్క్రీన్ రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలంటారు, బళ్లో కుదరదని తెలుసు, కనీసం ఇంటికి బయల్దేరే ముందు రాయండి.

కెమిస్ట్రీ_మాస్టారు

కొనేటప్పుడు: ముదురు రంగు సీసా, లేదా గాలి దూరని పంపు. చుక్కల గొట్టం ఉంటే తీసిన ప్రతిసారీ గాలి లోపలికి పోతుంది. తయారీ తేదీ చూడండి, తగ్గింపు ధర సరుకు తరచూ పాతదై ఉంటుంది. మీది 599కే వచ్చిందని కాదు, ఎన్నాళ్లు గోడౌన్లో ఉడికిందో తెలియదు. విటమిన్ ఇ, ఫెరులిక్ ఆమ్లం కలిపినవి దొరుకుతాయి. సి, ఇ విటమిన్లకి ఫెరులిక్ తోడైతే సీసాలో కాస్త నిలుస్తుంది, ఎండ నష్టాన్ని ఆపే శక్తి రెట్టింపవుతుందని 2005లో అదే డ్యూక్ బృందం చెప్పింది (అవును, మళ్లీ పందులే). 20% అక్కర్లేదు, మీకు 10% చాలు. ఫ్రిజ్‌లో పెట్టండి. మూత తీసిన తేదీ సీసా మీద రాసి, మూడు నెలల్లో అవగొట్టండి.

నరసాపురం_లేసు

నాకు మామూలు సీరమ్ రాస్తే మొహం చురచురలాడుతుంది, పాత తుప్పు మేకుల వాసన కూడా. డాక్టరు వేరే రకం ఇచ్చారు, మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ అని రాసుంది. మంట లేదు, రంగు మారదు.

కెమిస్ట్రీ_మాస్టారు

అవి విటమిన్ సి పిల్లలు. చర్మంలోకి పోయాక అసలు రూపంలోకి మారాలి, ఎంత మారుతుందన్న దాని మీద రుజువులు పలచన. మంగు ఉన్నవాళ్లకి, చర్మం తొందరగా మండేవాళ్లకి అవే నయం. ఒక నిమిషం చురుక్కుమంటే పర్లేదు, ఐదు నిమిషాలయ్యాక కూడా మండితే కడిగెయ్యాలి. ముందు మోచేతి లోపల రాసి రెండ్రోజులు చూడండి.

ఫార్మసీ_పిల్ల

ముడతలే అసలు బాధైతే డాక్టర్లు రాసేది ట్రెటినోయిన్ అనే విటమిన్ ఎ జాతి మందు, రాత్రిపూట. విటమిన్ సి కన్నా దానికి రుజువులు చాలా గట్టివి. కానీ చీటీ మీదే వాడాలి, కడుపుతో ఉన్నవాళ్లు ముట్టకూడదు. మొదటి నెల పొట్టు రాలుతుంది, భయపడి మానేస్తారు.

సికింద్రాబాద్_చాయ్

నియాసినమైడ్ (బి3 విటమిన్ రకం), విటమిన్ సి కలిపితే విషమైతది అని మా బామ్మర్ది అన్నడు, నిజమేనా?

కెమిస్ట్రీ_మాస్టారు

పాత భయం అది. ఇప్పటి సీరములతో అలాంటిదేం లేదు. మీ బామ్మర్ది ఏం చేస్తుంటాడు?

సికింద్రాబాద్_చాయ్

రీల్స్ చేస్తడు.

సీమ_మిరప

పోయొచ్చినాం. డబ్బీ చూసి ఆయన నవ్వలేదు, అందుకే భయమేసింది. స్టెరాయిడే అన్నాడు. తగ్గించుకుంటా వచ్చేదానికి వేరే క్రీము రాసిచ్చినాడు, ఎండలోకి గొడుగు లేకుండా పోవద్దన్నాడు. కనీసం ఆరు నెలలు పడుతుందంట. మా ఆడబిడ్డ దార్లో ఒక్క మాట మాట్లాడలా. ఇంటికొచ్చినంక పార్లరాయమ్మ నెంబరు తీసేసింది.

ఫార్మసీ_పిల్ల

ఆరు నెలలు ఓపిక పట్టండి అక్కా. మధ్యలో మంట వస్తే ఆ డబ్బీ కోసం వెతక్కండి.

సీమ_మిరప

డబ్బీ డాక్టరే తీసిపెట్టుకున్నాడు.

బెజవాడ_టీచరమ్మ

సెప్టెంబరు. ఎవరైనా ఇంకా ఇక్కడున్నారా?

పసుపు తొమ్మిదో రోజుకి పోయింది, మాస్టారు చెప్పినట్టే. గీతలు మళ్లీ ఫిబ్రవరి నాటి గీతలయ్యాయి. జూన్ నుంచి 10% వాడుతున్నా, పంపు సీసా. ఫ్రిజ్ తలుపులో మా మావయ్యగారి ఇన్సులిన్ పక్కన పెట్టా, దాని మీద "తినకూడదు, పొడుచుకోకూడదు" అని ఎర్ర ఇంకుతో రాసి. సన్‌స్క్రీన్ రెండు వేళ్ల కొలత. మొదటి వారం చున్నీకి తెల్లగా అంటుకుని సున్నం కొట్టినట్టుండేది, ఇప్పుడు ఐదు నిమిషాలు ముందే రాస్తున్నా.

కుడి బుగ్గ మంగు అంచు చెదిరింది, ఎడమది అలాగే ఉంది. ముడతలు మా అమ్మాయి తగ్గాయంటోంది, మావారు తగ్గలేదంటున్నారు. లెక్కల అమ్మాయి ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసి "వెలుతురు వేరుగా ఉంది మేడం, చెప్పలేం" అంది.

వేపపుల్ల

లెక్కల అమ్మాయి నాకు నచ్చింది.

గోంగూర007

ఆ డికాక్షన్ సీసా ఏం చేశారు?

బెజవాడ_టీచరమ్మ

599 కదా, పారెయ్యబుద్ధి కాలేదని మావారు మడమల పగుళ్లకి రాసుకున్నారు. తెల్ల సాక్సులు మూడు జతలు పోయాయి.